మా ఆయన, జపాన్ పాటలు, హాయిల్ దారి

సౌదీ చూసొచ్చానని తెలిశాక మా వీధిలో వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న బంగారం గురించి, రెండోది ఎండ గురించి. రెండింటికీ నా జవాబు ఎవరికీ నచ్చలేదు. బంగారం కొనలేదు. ఎండకు మాడడం సంగతి అటుంచి, చలికి పళ్ళు టకటకలాడాయి. మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. అక్కడున్నన్నాళ్ళూ నా చెవిన ఎక్కువగా పడింది అరబ్బీ కాదు, జపాన్ భాష.

అంతా మా ఆయన పుణ్యం.

ఆయన పేరు మోహన్. మాది నిజామాబాద్. నేను ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచర్ని. ఆయన రియాద్‌కు దక్షిణంగా ఉన్న అల్ ఖర్జ్‌లో, పాల డెయిరీల కూలింగ్ మిషన్లు చూసుకునే ఒక కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజర్. మా అమ్మాయి పలక పట్టకముందు వెళ్ళారు. ఇప్పుడది హైదరాబాద్ హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుతోంది. రెండేళ్ళకోసారి రావడం, రెండు నెలలు ఉండడం, పోవడం. ఇన్నేళ్ళలో నేను అటు వెళ్ళింది లేదు. ఈసారి ఆయనే ఫోన్ చేసి, "నువ్వే రారాదు సుజాతా. మళ్ళ వీలు పడ్తదో లేదో" అన్నారు. "మళ్ళ" అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. అప్పుడు నా ధ్యాసంతా ఏ సూట్‌కేసు తీసుకోవాలా అన్నదాని మీదే ఉంది.

అల్ ఖర్జ్: ఆవులకు ఫ్యాన్లు

ఎడారిలో ఆవులుంటాయని మా ఆయన ఫోన్లో చెప్పినప్పుడు నేను నవ్వాను. చూశాక నోరు మూసుకున్నాను. పెద్ద పెద్ద రేకుల షెడ్ల కింద బారులు బారులుగా ఆవులు. వాటికి నెత్తిమీద ఫ్యాన్లు, సన్నగా నీళ్ళు చిమ్మే గొట్టాలు. మా బడిలో పిల్లలకు కూడా అన్ని ఫ్యాన్లు లేవు. ఇక ఆ మజ్జిగ! లబన్ అంటారు. సీసాల్లో, చిక్కగా, పుల్లగా ఉంటుంది. నీళ్ళ కంటే దాన్నే ఎక్కువ తాగాను.

ఆయన గది రెండో అంతస్తులో ఉంది. గదిలో ఇంకో జగిత్యాల అతను ఉండేవాడట. నేను వస్తున్నానని ఫ్రెండ్ గదికి మారిపోయాడు. ఒక మంచం, ఒక రైస్ కుక్కర్, మామిడికాయ తొక్కు డబ్బా, అలమారలో వరసగా డిస్కులు. వాటి మీద నాకు తెలియని రాత.

"గివన్ని ఏందండి?"

"మోరి సాబ్ ఇచ్చిపోయిండు."

మా నిజామాబాద్‌లో మోరి అంటే మురికి కాలువ. పాపం ఆ పెద్దమనిషికి ఆ సంగతి తెలియదు. ఆయన భాషలో మోరి అంటే అడవి అట. కొన్నేళ్ళ కిందట పాలు సీసాల్లో నింపే మిషన్లు బిగించడానికి జపాన్ నుంచి వచ్చి, ఒక చలికాలమంతా మా ఆయన పక్క గదిలో ఉన్నాడట. ఇద్దరికీ కలిసి ఉన్న ఇంగ్లీషు ఒక పోస్టుకార్డులో పట్టేంత. రోజూ పని అయ్యాక పచ్చగా ఉండే టీ కాచి, పాటలు పెట్టి, మా ఆయన్ని పిలిచేవాడట. ఇద్దరూ మాట్లాడకుండా కూర్చునేవారట. శుక్రవారం వస్తే సినిమా. వెళ్ళేటప్పుడు డిస్కులన్నీ ఇచ్చి, వంగి దండం పెట్టి పోయాడు. అప్పటి నుంచి మా ఆయన శుక్రవారాలు జపాన్‌వి అయిపోయాయి.

నేను వెళ్ళిన రోజు సాయంత్రమే నాకూ ఒక సినిమా చూపించారు. నలుపు తెలుపు బొమ్మ, కింద ఇంగ్లీషు అక్షరాలు. కథ ఏమిటంటే, ఒకాయన ఎక్కడో మంచు కొండల్లో డ్యాము పనికి పోయి ఏళ్ళ తర్వాత ఇంటికొస్తాడు. ఇంట్లో అందరూ ఆయన్ని మహా మర్యాదగా చూస్తారు. వేడినీళ్ళు ముందు ఆయనకే. చేప పెద్ద ముక్క ఆయనకే. చేయడానికి పనేమీ లేక, ఆయన పైకెక్కి కారని కప్పునే బాగుచేస్తాడు. పిల్లలు కింద నిలబడి "జాగ్రత్తండీ" అంటారు. తర్వాత వాన పడుతుంది. అంతే.

"అయిపోయిందా, కరెంటు పోయిందా?" అని అడిగాను.

"అయిపోయింది."

మన సినిమాలో అయితే ఈపాటికి ఆ ఇంటి పెద్దకోడలు కుట్ర చేసి ఉండాలి, ఇంటర్వెల్ ముందు పది మంది ఒకేసారి మాట్లాడాలి, చివర్లో అందరూ కాళ్ళ మీద పడాలి. ఇందులో ఒకరు "అలాగా" అంటారు. ఇంకొకరు కిటికీ లోంచి చూస్తారు. ఏడ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. మా ఆయన మాత్రం ముక్కు తుడుచుకుంటున్నారు. నాకు ఆకలేస్తోందని చెప్పి లేచి పప్పు పెట్టాను.

అన్నం తింటూ, "నాలుగొద్దులు సెలవు పెట్టిన. హాయిల్ దాక పోయొద్దం" అన్నారు. ఉత్తరాన ఉండే ఊరట. కొండలున్నాయట, పంటలున్నాయట. మక్కా వైపు మాకు పని లేదు, సముద్రం వైపు నేను చూస్తానంటే దూరమన్నారు. దానికంటే హాయిల్ దూరమని తర్వాత పటం చూస్తే తెలిసింది.

రియాద్: పాప్‌కార్న్, ముసుగు

పొద్దున్నే బయలుదేరాం. కంపెనీ పాత కారు. ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా వేసుకోవడం నాకు కొత్త. మొదటిసారి కారెక్కి తలుపు వేసేసరికి దాని అంచు బయటే ఉండిపోయి, రియాద్ దాకా రోడ్డంతా ఊడ్చుకుంటూ వచ్చింది. దిగాక చూసుకుంటే సగం నలుపు, సగం దుమ్ము.

కారు కదలగానే మా ఆయన డిస్కు పెట్టారు. ఒక మగ గొంతు మొదలైంది. బరువుగా, వణుకుతూ, ప్రతి మాట చివరా ఒక గుటక మింగుతూ.

"ఏందండి గిది? ఎవలన్న పోయిండ్రా?"

"ఎవలు పోలే. వసంతం వచ్చిందని పాడుతున్నడు."

వసంతానికే ఇంత ఏడిస్తే చలికాలానికి ఏం చేస్తాడో అనుకున్నాను. కానీ సంగీతం నేర్చుకున్న చెవి ఊరికే ఉండదు కదా. రెండో పాటకు పట్టేశాను. శివరంజనిలాగే మొదలవుతుంది. షడ్జం, రిషభం, గాంధారం, పంచమం, అన్నీ మనవే. తీరా ధైవతం దగ్గరికి వచ్చేసరికి మనం పెట్టే చోట కాలు పెట్టకుండా ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఆ ఒక్క మెట్టులోనే ఉంది ఏడుపంతా. ఇంకో పాట అచ్చం మన కర్ణాటక శుద్ధ సావేరి స్వరాల మీదే నడిచింది. మనం అదే స్వరాలతో దేవుణ్ణి నిద్రలేపుతాం. వాళ్ళు, మోరి సాబ్ మా ఆయనకు చెప్పిన దాన్ని బట్టి, ఎవరినో తీసుకొద్దామని స్టేషన్‌కి వెళితే ఆ రైల్లో ఆ మనిషి దిగలేదని పాడుతున్నారు.

రియాద్‌లో సినిమా హాళ్ళు కొత్తగా తెరిచారు. ఎన్నో ఏళ్ళుగా ఆ దేశంలో హాలన్నదే లేదు. కాబట్టి అదొక జాతరలా ఉంది. టికెట్ పట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. ఆ టికెట్ డబ్బులతో మా వాడకట్టు సగం మంది నిజామాబాద్‌లో సినిమా చూడొచ్చు. ఆ వేళకు దొరికింది జంతువులు మాట్లాడే బొమ్మల సినిమా ఒక్కటే. నా పక్కన ఒక సౌదీ పెద్దావిడ, నలుగురు మనవలతో కూర్చుంది. కళ్ళు తప్ప ముఖం కనబడదు. అయినా పాప్‌కార్న్ ముసుగు కిందికి ఎంత ఒడుపుగా పోతోందో, ఒక్క గింజ కింద పడలేదు. నాకూ ఒక దోసెడు పోసింది. తెర మీద ఒక ఎలుగుబంటి పిల్ల తల్లిని కలుసుకోగానే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇటు తిరిగి చూస్తే మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"గిది నవ్వే సినిమా అండి" అన్నాను.

"తెలుసు" అన్నారు.

మధ్యాహ్నం కబ్సా తిన్నాం. ఒకే పళ్ళెంలో అన్నం, దాని మీద కోడి. కింద కూర్చుని ఇద్దరూ అందులోనే తినాలి. పెళ్ళయిన కొత్తలో కూడా మేం ఒక కంచంలో తినలేదు. అత్తగారి ఇల్లు, పదిమంది జనం. మా ఆయన తన వైపున్న జీడిపప్పులు ఏరి నా వైపు తోస్తుంటే, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. అది కుటుంబాల గది, చుట్టూ తెరలు. చూసేవాళ్ళెవరూ లేరు.

తిన్నాక కారెక్కి ఆ డిస్కు మారుద్దామని బొత్తాం నొక్కారు. రాలేదు. మళ్ళీ నొక్కారు. లోపల కరకరమంది. బయటికి మాత్రం రాలేదు. పక్కన పెట్రోలు బంకులో మెకానిక్కు పాకిస్తానీ అతను, చిన్న స్క్రూడ్రైవరు పెట్టి కాసేపు కెలికి, "యే అబ్ నహీ నిక్లేగా, భాయీ" అని, ఇక అది బయటికి రాదని తేల్చాడు. బాగయిందో చెడిపోయిందో గానీ, డిస్కు ఇరుక్కోవడమే కాదు, ఆపే బొత్తాం కూడా పోయింది. ఇంజిను ఉన్నంతసేపూ పాట ఉంటుంది. చిన్నగా చేసుకోవచ్చు, ఆపలేం. వసంతం, రైలు, చల్లారిన టీ, మళ్ళీ వసంతం.

బురైదా: గరిజె కాని గరిజె

రియాద్ దాటాక రోడ్డు చూస్తే భయమేస్తుంది, అంత తిన్నగా ఉంటుంది. ఇసుక మొదట పసుపుగా ఉండి, తర్వాత ఎర్రగా మారింది. బంకుల్లో టీ అమ్మేది మలయాళీలో, బంగ్లాదేశీలో. అందరితోనూ మా ఆయన హిందీలోనే మాట్లాడారు. అందరి మాటల్లోనూ ఒకటే సంగతి. ఎవరి దుకాణం మూశారు, ఎవరి పెళ్ళాం పిల్లలు ఊరికి పోయారు, ఎవరి కంపెనీ ఏ రంగులో ఉంది.

రంగులంటే నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పారు. నితాఖత్ అంటే, ప్రతి కంపెనీలో సౌదీ వాళ్ళు ఇంతమంది ఉండాలని లెక్క. సరిపడా ఉంటే కంపెనీ పచ్చ. తగ్గితే పసుపు, ఎరుపు. ఎరుపులో పడితే మన లాంటి వాళ్ళ ఇఖామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డు, మళ్ళీ రాయించడం కష్టం. పైగా మనిషికింత అని నెలనెలా పన్ను. భార్యను, పిల్లల్ని తెచ్చుకున్న వాళ్ళకు తలకింత వేరే. ఏటేటా పెరుగుతుంది.

"మీ కంపెనీ ఏ రంగండి?"

"ఇప్పుడైతే పండు టమాట" అని నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో ఆ మాట అయిపోయింది.

బురైదా ఖర్జూరాల ఊరు. బజారులో ఆడవాళ్ళు కింద కూర్చుని అమ్ముతారు. వాళ్ళలో ఒకామె క్లేజా అని ఒక తినుబండారం అమ్ముతోంది. గోధుమపిండి బిళ్ళ, లోపల బెల్లపు పాకం లాంటి ఖర్జూర పూర్ణం, ఏలకుల వాసన. రుచి అచ్చం మన గరిజెలో, అదే కజ్జికాయలో, పూర్ణమే. పైన మాత్రం బిస్కట్టులా ఉంటుంది. బేరం ఆడదామంటే భాష రాదు. ఆమె ఫోన్లో అంకె కొట్టి చూపించింది. నేను ఫోను తీసుకుని ఇంకో అంకె కొట్టాను. ఆమె గుండె మీద చెయ్యేసుకుని, ఎంత అన్యాయమన్నట్టు వెనక్కి వాలింది. నిజామాబాద్ గంజ్‌లో గాజులమ్మే మల్లవ్వ చేసేది ఇదే. నాకు ప్రాణం లేచొచ్చింది.

డబ్బాలో ఆమె సర్దుతుంటే, నాకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తున్నాను. ఆమె తలెత్తి, "హిందీ సినిమా?" అన్నట్టు ఏదో అడిగింది.

"కాదు. జపాన్."

ఆమెకు అర్థం కాలేదు. మా ఆయన వెనక నుంచి "యాబాన్" అన్నారు. అరబ్బీలో అలా అంటారట. ఆమె ఒక్క క్షణం నన్ను, నా దుమ్ము కొట్టుకున్న అబాయాను, నుదుటి బొట్టును చూసి, "యాబాన్!" అని పగలబడి నవ్వి, పక్కనున్న ఆడవాళ్ళందరికీ చెప్పింది. ఆ వరస వరసంతా నవ్వింది. రెండు క్లేజాలు ఎక్కువే వేసింది.

కారులో కూర్చున్నాక మా ఆయన, "గా పాట నువ్వు తప్పు పాడినవ్" అన్నారు.

"నా ధైవతం తప్పా? నాకే నేర్పుతున్నరా?" అన్నాను. ఊరి బయటి దాకా ఆ ధైవతం మీద వాదించుకున్నాం. ఇంత హాయిగా ఎప్పుడు పోట్లాడుకున్నామో గుర్తు రాలేదు. ఫోన్లో పోట్లాడలేం కదా. ఫోన్లో అన్నీ బాగానే ఉన్నాయని చెప్పుకుంటాం.

ఆ దారిలోనే అడిగాను, ఈ సినిమాలు ఎందుకంత ఇష్టమని. ఆయన అన్నారు: "వాళ్ళ సినిమాల గిన్నెలు కడుగుతరు. పరుపులు మలుస్తరు. ఒకరొచ్చి చెప్పులిడుస్తరు, లోపలికెళ్ళి ఇంకొకరు ఎవలూ అని పిలుస్తరు. కథ ఏమన్న గానీ, నాకు గవ్వే మంచిగనిపిస్తయి."

శుక్రవారం సాయంత్రం, ఆ గదిలో, ఆయన చూస్తున్నది సినిమా కాదు. ఎవరో ఒకరి ఇంట్లో ఒక మామూలు సాయంత్రం. ఆ సమయానికి నేను నిజామాబాద్‌లో గిన్నెలు కడుగుతూ విసుక్కుంటూ ఉంటాను.

హాయిల్: మస్తాన్ బూఫియా

హాయిల్ చల్లగా ఉంది. చుట్టూ ఎర్రరాతి కొండలు, చెట్టన్నది లేకుండా. మాటిమాటికీ స్వెట్టరు సర్దుకుంటూ దిగాను. మా ఆయనకు తెలిసిన కడప అతను మస్తాన్ అక్కడ ఒక బూఫియా నడుపుతున్నాడు. బూఫియా అంటే నిలబడి టీ, గుడ్డు రొట్టె తినే చిన్న కొట్టు. ఇదివరకు అల్ ఖర్జ్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. సెల్‌ఫోన్ దుకాణాల్లో సౌదీ వాళ్ళే ఉండాలని రూలు వచ్చాక ఇటు వచ్చేశాడు.

"ఏమక్కా, బాగుండావా? రా రా, కూసో. చలికి వణుకుతాండావే. కరక్ చాయ్ పోస్తా, అంతా సర్దుకుంటాది."

చిక్కటి పాలు, ఏలకులు, అల్లం. నిజంగానే సర్దుకుంది. గుడ్డు రొట్టె మీద పచ్చిమిరపకాయ కారం ప్రత్యేకంగా నాకోసం వేశాడు.

"నాకు మాత్రం శానా సంతోషమక్కా. ఈ ఊర్లో తెలుగు మాట్లాడేటోళ్ళు తక్కువ. అన్న వచ్చేస్తే నాకు తోడుంటాడు. ఇల్లు కూడా ఇస్తారంట గదా, చూసుకున్యారా?"

"ఏ ఇల్లు?"

మస్తాన్ గరిట పట్టుకుని ఆగిపోయాడు. మా ఆయన వైపు చూశాడు. మా ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నారు.

"అన్నా... చెప్పల్యా?" అన్నాడు మెల్లగా.

నేను టీ పూర్తి చేశాను. డబ్బులివ్వబోతే మస్తాన్ తీసుకోలేదు. కారెక్కాం. ఇంజిను స్టార్టు కాగానే వసంతం వచ్చిందని పాడడం మొదలైంది.

"ముందుగాల గా పాట బంద్ చేయుండ్రి."

"బంద్ కాదు గద. ఇరికింది."

కోపంలో ఉండి కూడా నాకు నవ్వొచ్చింది. అదే నాకు మరింత కోపం తెప్పించింది. కొండ పక్కన కారు ఆపి ఇంజిను కట్టేశారు. అప్పుడు గానీ నిశ్శబ్దం లేదు.

"మీ నౌకరి పోయిందా?"

"పోలే. నా కుర్చీల సౌదీ అతను కూసుంటడు. ఎండకాలం దాకనే నాకు. ఇక్కడ పొలాల కంపెనీల స్టోరు పని ఉన్నదని గా కంపెనీ మేనేజరు ఉస్మాన్ సాబ్ చెప్పిండు. రేపు పోయి మాట్లాడాలె."

"నాకెప్పుడు చెప్తరు? ఇంటికి పంపినంక ఫోన్ల చెప్తరా?"

"చెప్దమనే తీసుకొచ్చిన."

"ఇంటికి రావాల్నని లేదా మీకు?"

ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకు చూస్తూ మాట్లాడారు. "ఇంటికొచ్చి నేనేం జేయాలె సుజాతా? పోయినసారి వచ్చినప్పుడు నా బట్టలు ఏ అల్మారల పెట్టాల్నని నిన్నడిగిన. మన ఇంట్లనే. రెండు నెలలు సుట్టపాయన లెక్క ఉంటే అందరు మంచిగ చూస్తరు. చికెన్ వండుతరు. మూడో నెల ఏమైతది?"

అందులో అబద్ధం లేదు. ఆయన లేకుండా ఇల్లు నడపడం నాకు అలవాటై, ఆ తర్వాత ఇష్టమై కూడా పోయింది. నేను లేచే వేళ, తినే వేళ, నా పాఠాలు, నా అలమారలు. రెండు నెలల సెలవు చివర్లో ఆయన్ని విమానమెక్కించి వచ్చిన రోజు ఏడుస్తాను. మర్నాడు మంచానికి అడ్డంగా పడుకుంటాను. ఆ రెండూ నిజమే.

"మూడో నెల నేను తిడ్త" అన్నాను.

ఆయన తల తిప్పి చూశారు.

"అంతే గద అయ్యేది? నా అల్మార కదిపితే తిడ్త. టీవీ ఎక్కువ పెడితే తిడ్త. నన్ను తిట్టనియ్యుండ్రి. ఇన్నేండ్ల సంది మర్యాదగ మాట్లాడి మాట్లాడి నా నోరు నొస్తున్నది."

ఆయన అద్దం సర్దుకుని, కారు స్టార్టు చేశారు.

పొలాల్లో ఒక భోజనం

హాయిల్ పొలాలు విమానం నుంచి గుండ్రంగా కనిపిస్తాయట. మధ్యలో ఒక గొట్టం, దాని చుట్టూ చక్రాల మీద తిరిగే పెద్ద చెయ్యి. అది నీళ్ళు చల్లుకుంటూ తిరిగినంత మేరా పచ్చ. దాని అంచు దాటి ఒక్క అడుగు వేస్తే ఇసుక. గోధుమ మొలకల మీద మంచు పట్టి ఉంది.

ఉస్మాన్ గారు సూడాన్ మనిషి. ఆ పొలాల మరమ్మతులకు మేనేజరు. ఆఫీసులో మాట్లాడదాం అనకుండా నేరుగా ఇంటికి భోజనానికి పిలిచారు. ఆయన భార్య అమీనా, ముగ్గురు పిల్లలు. వాకిట్లో తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు. గోడల మీద పటాలు తీసేసిన చోట తెల్లటి చతురస్రాలు. అమీనాకు వచ్చీరాని ఇంగ్లీషు ఉంది, నాకూ అంతే. కాబట్టి బాగా కుదిరింది. పిల్లల పరీక్షలు కాగానే తను, పిల్లలు ఖార్తూమ్ వెళ్ళిపోతున్నారు. నలుగురి తలలకూ కట్టే పన్ను ఇక ఆయన జీతం మోయలేదు. ఆయన మాత్రం ఉంటారు, బ్యాచిలర్ గదికి మారతారు. ఈ ఇల్లు కొత్తగా వచ్చే స్టోరు మనిషికి ఇస్తారు.

అంటే మా ఆయనకు.

కింద తెల్లటి గుడ్డ పరిచి వడ్డించింది. పల్చటి దోశ లాంటిది, మడతలు మడతలుగా. చేతిలోకి తీసుకుని వాసన చూశాను. పులిసిన జొన్నపిండి! కిస్రా అంటారట. మా అమ్మమ్మ చేసిన జొన్న అంబలి వాసన ఖార్తూమ్ ఆడమనిషి చేతిలోంచి వచ్చింది. దాంతో తినడానికి కూర, ఎండబెట్టిన బెండకాయ పొడితో చేసినది, జిగురు జిగురుగా. నేను మూడు తిన్నాను. అమీనా సంతోషం చూసి నాలుగోది కూడా తిన్నాను. తర్వాత ఎర్రటి పువ్వులు మరిగించిన పుల్లటి పానీయం. అది గోంగూరకు చుట్టమని ఆ పుల్లదనమే చెప్పింది.

మగవాళ్ళిద్దరూ అరబ్బీలో మాట్లాడుకుంటున్నారు. ఉస్మాన్ గారు చేత్తో గదులు చూపించారు, వంటింటి వైపు చూపించారు, పైకప్పు వైపు చూపించి ఏదో నవ్వుతూ అన్నారు. వాళ్ళ చిన్నపిల్ల వచ్చి ఆయన ఒళ్ళో కూర్చుని, ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఆయన మాట ఆపి ఆ పిల్ల చెప్పింది విన్నారు. మా ఆయన ఆ పిల్లనే చూస్తున్నారు.

తర్వాత మా ఆయన మాట్లాడడం మొదలుపెట్టారు. ఆయన అరబ్బీలో అంతసేపు మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఉస్మాన్ గారి నవ్వు ఆగిపోయింది. తలూపారు. మళ్ళీ ఏదో అడిగారు. మా ఆయన ఒకే మాటలో జవాబిచ్చారు. దానికి ఉస్మాన్ గారు పెద్దగా నవ్వి, నవ్వుతూనే ముఖం పక్కకు తిప్పుకుని, కూతురి తల నిమిరారు.

అమీనా నా చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నరు?" అని అడిగాను, తెలుగులోనే. ఆమెకు అర్థమైంది.

తన ఇంగ్లీషులో చెప్పింది: "మీ ఆయన ఉద్యోగం వద్దన్నాడు. ఇంటికి పోతానన్నాడు. అక్కడేం పని ఉంది అని మా ఆయన అడిగాడు. నా భార్య నన్ను తిట్టాలని ఎదురుచూస్తోంది అన్నాడు."

నేను పళ్ళెం వైపు వంగిపోయాను. ఆ కూరలో కారం ఏమంత లేదు, కళ్ళు మాత్రం మండాయి. అమీనా లేచి ఇంకో కిస్రా తెచ్చి నా పళ్ళెంలో వేసింది. వచ్చేటప్పుడు వాకిట్లో, అట్టపెట్టెల మధ్య, నన్ను గట్టిగా కావలించుకుంది. నేను భర్తను తీసుకుని వెళ్తున్నాను, ఆమె వదిలి వెళ్తోంది. ఆ మాట చెప్పడానికి మా ఇద్దరి ఇంగ్లీషూ చాలలేదు. చాలినా చెప్పేవాళ్ళం కాదు.

తిరుగు దారిలో మా ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయనా చెప్పలేదు. బురైదా దాటాక, "నీకు తెలుసు గద" అన్నారు. "తెలుసు" అన్నాను. అంతే.

ఇల్లు

ఆ ఎండాకాలం చివర్లో ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఆయన వచ్చేశారు. అంటే, మళ్ళీ అదే వీసాతో వెళ్ళేది లేదు. చికెన్ వండాను. చుట్టాలొచ్చి పోయారు. మొదటి నెల నేను చాలా మర్యాదగా ఉన్నాను, ఆయన ఇంకా మర్యాదగా ఉన్నారు. ఇద్దరం ఒకరికొకరు తలుపు దగ్గర దారి ఇచ్చుకుంటూ తిరిగాం. బస్టాండు వైపు కూలర్లు, ఫ్రిజ్‌లు బాగుచేసే ఒకతనితో కలిసి చిన్న షెడ్డు తీసుకున్నారు. పొద్దున పోయి సాయంత్రం వస్తారు.

ఒక ఆదివారం నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. బయట గేటు దగ్గర ఏదో గొడవ. ఎవరో మగమనిషి గొంతు, బాగా గట్టిగా: "ఏంది, రోజు మా గేటుకు అడ్డం పెడ్తవ్ బండి? ఎన్నిసార్లు చెప్పాలె? ఇది ఎవలి ఇల్లనుకున్నవ్?"

ఎవరా అని కిటికీ లోంచి చూశాను. మా ఆయన. లుంగీ పైకి కట్టి, వేలు చూపిస్తూ, ఎదురింటి స్కూటరు అతనితో. నా పెళ్ళయ్యాక ఆ గొంతు ఆ ఎత్తులో నేనెప్పుడూ వినలేదు. స్టవ్ ఆపి చేతులు కూడా కడుక్కోకుండా వాకిట్లోకొచ్చి నిలబడ్డాను.

పక్కింట్లో కొత్తగా దిగినావిడ గోడ మీది నుంచి తొంగి చూసింది.

"ఎవలక్కా ఆయన, గంత లొల్లి జేస్తున్నడు?"

"మా ఆయన" అన్నాను. "ఇక్కడ్నే ఉంటడు."